ముక్కుమేస్త్రి

గుడ్ల బండి ఆ గురువారం తొమ్మిది గంటలకే ఇంటికి తిరిగొచ్చింది. రావలసింది పన్నెండింటికి. కోడలే దిగి గేటు తీసుకుని, మళ్ళీ ఎక్కి, బండిని రేకుల షెడ్డు కింద పెట్టింది. వెనక తొట్టి సందుల్లోంచి పచ్చసొన తీగలు సాగుతూ నేల మీదికి కారుతోంది.

పక్కింటివాళ్ళ నీళ్ళ మోటారు విప్పుకుని కూర్చున్న మేస్త్రి పానా కింద పెట్టి లేచాడు.

"ఏమైందమ్మాయ్?"

"అద్దం మూసుకుపోయింది మామయ్యా. వంతెన దిగి మలుపు తిరుగుతుంటే ఒక్కసారిగా తెల్లగా కమ్మేసింది. ఎదురుగా ఏముందో కనపడలేదు. బ్రేకు గట్టిగా తొక్కేశాను." ఆమె చేతులు స్వెట్టరు జేబుల్లోకి తోసేసుకుంది. "మనుషులకేం కాలేదు. గుడ్లే. పద్నాలుగు ట్రేలు."

ఆయన తొట్టి మీది పట్టా ఎత్తి చూశాడు. ముందు వరసంతా తొట్టి గోడకు కొట్టుకుని ఒకదానిలోకి ఒకటి దిగబడిపోయింది. పట్టా మళ్ళీ దించాడు.

కొట్ల చుట్టూ తిరిగి ఆర్డర్లు రాసుకునే కొడుకు, సంగతి ఫోనులో తెలిసి, పావుగంటలో మోటారుసైకిలు మీద వచ్చి పడ్డాడు. తొట్టిలోకి చూశాడు, పెళ్ళాం వంక చూశాడు.

"ఇది ఈ నెలలో మూడోసారి."

"మూడుసార్లూ ఒకే మాట చెప్పాను," అంది కోడలు. "హీటరు వేశాక రెండు మైళ్ళు పోయేసరికి తియ్యటి వాసన మొదలవుతుంది, తల పోటెత్తేలా. ఆ వెనకే అద్దం మీద పొగలాంటిది కమ్ముకుంటుంది. తుడిస్తే పోదు, జిడ్డులా సాగుతుంది."

"ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే. బండిలో నేనూ కూర్చున్నాను, నాకే వాసనా రాలేదు."

"షెడ్డులో నిలబడున్న బండిలో కూర్చుంటే ఏం వస్తుంది? ఇంజను కాగొద్దూ?"

"నాన్న కూడా నీ పక్కన కూర్చుని వచ్చాడుగా పోయినవారం! అప్పుడు ఇంజను కాగలేదా?" కొడుకు తండ్రి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు నాన్నా. బండికేమన్నా ఉందా?"

ఈ ఇంట్లో బండి గురించి ఆఖరి మాట మేస్త్రిదే. బస్సుల డిపోలో ముప్పై ఏళ్ళు చేసిన మనిషి. బస్సు గేటులోకి తిరుగుతుండగానే "క్లచ్చి మాడుతోంది, అక్కడే ఆపండి" అని షెడ్డులోంచి కేకేసేవాడు. డ్రైవర్లు ఆయనకు ముక్కుమేస్త్రి అని పేరు పెట్టారు. రిటైరైనా వీధిలో ఆ పేరే నిలిచిపోయింది.

"కింద చుక్క లేదు," అన్నాడాయన. "పైపులన్నీ పొడిగానే ఉన్నాయి. నేను మూడుసార్లు చూశాను."

"వాసన సంగతి చెప్పండి మామయ్యా," అంది కోడలు. "ఆ రోజు మీరు నా పక్కనే ఉన్నారు. ఇదుగో ఇప్పుడొస్తోంది చూడండి అన్నాను కదా. మీకు తగల్లేదా?"

"నాకేం తగల్లేదమ్మా."

ఆ మాటలో అబద్ధం లేదు. మొత్తం నిజమూ లేదు.

కోడలు బకెట్టు తెచ్చుకుని, తొట్టిలోకి ఎక్కి, పగలని గుడ్లను ఒక్కొక్కటే తుడిచి వేరే ట్రేలో పెట్టసాగింది.

"సోమవారం నుంచి సొట్టబుగ్గలవాణ్ణి పెట్టుకుందాం," అన్నాడు కొడుకు, ఆమెకు వినపడేలా. "లారీలు తోలినవాడు. నువ్వు ఇంట్లో ఉండి గుడ్లు ఏరు, చాలు."

ఆమె చేతిలో గుడ్డు ఆగింది. నాలుగేళ్ళుగా ఆ బండి ఆమెదే. ఏ సందులో ఎంత వెనక్కి పోతే ఏ కొట్టు అరుగు తగులుతుందో ఆమెకు అద్దం చూడకుండా తెలుసు. మామగారి వంక ఒకసారి చూసి మళ్ళీ తుడవడంలో పడింది. మేస్త్రి తేలు కుట్టిన దొంగలా వెళ్ళి మోటారు ముందు కూర్చున్నాడు.

మూడు చలికాలాల కిందట ఆయనకు వారం రోజులు జ్వరం వచ్చింది. తగ్గాక ఒకరోజు పొద్దున టీగ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే వేడి తగిలింది, టీ తగల్లేదు. రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అనుకున్నాడు. డీజిలు డబ్బా మూత తీసి చూశాడు, సబ్బు అరిగేదాకా రుద్దుకుని చూశాడు. రాలేదు. ఎవరికీ చెప్పలేదు. ముక్కుమేస్త్రికి ముక్కు పోయిందంటే ఇక మిగిలేది ఏ మేస్త్రి? భార్య గిన్నె మూత తీసినప్పుడల్లా "వాసన అదిరింది" అనేవాడు. ఆవిడ మురిసిపోయేది. అలా సర్దుకుపోయింది.

భోజనాలయ్యాక ఇంట్లోవాళ్ళు నడుం వాల్చిన వేళ, ఆయన తాళంచెవి తీసుకుని బండి ఎక్కాడు. షెడ్డులోనే ఇంజను వేశాడు. ఇంజను వేడి చూపే ముల్లు సగం దాటేదాకా ఆగి, హీటరు మీట ఎర్రగీత దాకా తిప్పి, గాలి అద్దం మీదికి కొట్టేలా పెట్టాడు. తలుపులు బిగించి కూర్చున్నాడు.

పది నిమిషాలకు అద్దం అడుగున సన్నగా తెల్లటి అంచు కట్టింది. చూస్తుండగానే అది పైకి పాకింది. ఆయన చూపుడువేలితో ఒక గీత గీశాడు. వేలు జారింది. నీటి ఆవిరి అయితే వేలికి గరుగ్గా తగులుతుంది. దీన్ని బొటనవేలితో కలిపి రుద్దితే నూనెలా సాగింది. వంగి, ఎడమ సీటు ముందున్న రబ్బరు చాప ఎత్తి, కింద అరచెయ్యి ఆనించాడు. చెయ్యి తడిగా పైకొచ్చింది.

కూలెంటే, ఇంజను చల్లబడేందుకు పోసే తియ్యటి వాసన నీళ్ళు. హీటరు కోరుకు, అంటే హీటరు డబ్బాలో ఉండే చిన్న రేడియేటరుకు, చిల్లి పడింది. చుక్క రోడ్డు మీద పడకుండా బండిలోపలే పడుతోంది, ఆవిరై అద్దానికి పడుతోంది. కింద ఏం కనిపిస్తుంది?

నెల నుంచి వారానికోసారి రేడియేటరులో నీళ్ళు తగ్గుతుంటే ఆయనే పోస్తున్నాడు. పాత ఇంజను, తాగుతుందిలే అనుకున్నాడు. డిపోలో కుర్ర మెకానిక్ ఎవడైనా ఆ మాట అని ఉంటే చెవి మెలేసేవాడు.

చాలాసేపు కూర్చుని ఇంజను ఆపాడు. ఇప్పుడు రెండు దారులున్నాయని ఆయనకు తెలుసు. తేలికైనదే ఎంచుకున్నాడు.

"దొరికింది," అన్నాడు సాయంత్రం, అందరూ టీ తాగుతుంటే. "హీటరు కోరు కారుతోంది. అద్దం మీద జిడ్డు చూసి పట్టాను."

కొడుకు గ్లాసు కింద పెట్టి తొడ మీద చరుచుకున్నాడు. "అదీ! నాన్న కంట పడితే తప్పించుకునేదేముంది?"

"మీ నాన్నంటే ఏమనుకున్నావురా," అంది మేస్త్రి భార్య, తనే పట్టినంత సంబరంగా.

కోడలు టీ పూర్తిచేసింది. ఖాళీ గ్లాసులన్నీ ఒకదాంట్లో ఒకటి పెట్టుకుని లేచింది. "నేను చెప్పిందీ అదేగా," అని మెల్లగా అంది.

"నువ్వు చెప్పింది వాసన. నాన్న పట్టింది లీకు," అన్నాడు కొడుకు. "వాసన వస్తోందని ఎవరైనా అంటారు."

ఆమె గ్లాసులతో లోపలికి వెళ్ళిపోయింది. మేస్త్రి టీ చల్లారిపోయింది.

శుక్రవారం పొద్దున పని మొదలుపెట్టారు. కొడుకు కొట్లకు గుడ్లు వేయడానికి ఎవరిదో ఆటో మాట్లాడుకుని వెళ్ళిపోయాడు. మేస్త్రి రేడియేటరు కింద తొట్టె పెట్టి మర విప్పాడు. పచ్చగా రావలసిన నీళ్ళు ఇటుకరాయి అరగదీసినట్టు ఎర్రగా వచ్చాయి. డాష్‌బోర్డు కిందికి దూరాలని రెండుసార్లు ప్రయత్నించాడు. మోకాళ్ళు ఒప్పుకోలేదు. వేళ్ళు మొద్దుబారి స్క్రూ తల దొరకలేదు.

"లేవండి, నేను దూరతాను," అంది కోడలు. జుట్టు ముడేసుకుని, వెల్లకిలా పడుకుని, తల డాష్‌బోర్డు కిందికి దూర్చి, కాళ్ళు తలుపులోంచి బయటికి పెట్టింది. "చెప్పండి."

"కుడిచేతి వైపు రెండు స్క్రూలుంటాయి. కనపడవు. తడుముకో."

"ఒకటే ఉంది."

"రెండోది తీగల కట్ట వెనకాల ఉంటుంది. ముందు దాన్ని పక్కకు జరుపు. లాగకు, జరుపు."

"ఆఁ, దొరికింది."

ఆయన టార్చి పట్టుకుని చెబుతూ పోయాడు, ఆమె విప్పుతూ పోయింది. విప్పిన స్క్రూలు పాత గుడ్ల ట్రేలో, ఏ వరసలో విప్పితే ఆ వరసలో పెట్టింది. ఎవరూ చెప్పకుండానే. ఆయన అది గమనించాడు. డిపోలో ఈ ఒక్క అలవాటు నేర్పడానికి ఆయనకు మనిషికి ఏడాది పట్టేది.

మధ్యాహ్నానికి కోరు బయటికొచ్చింది. అట్ట పుస్తకమంత సైజు, ఒక మూలంతా పచ్చటి చిలుము. ఒక గొట్టాన్ని బిరడాతో మూసి, రెండోదానికి సైకిలు పంపు తగిలించి, నీళ్ళ తొట్టిలో ముంచారు. ఆమె పంపు కొట్టింది. చిలుము మూలనుంచి సన్నటి బుడగల దారం పైకి లేచింది.

ఆమె పంపు ఆపి ఆ బుడగలను చూస్తూ ఉండిపోయింది. "నెల రోజులు," అంది. అంతే.

మేస్త్రి తల ఎత్తలేదు.

అతుకులు వేసే ఆయన దగ్గర కోరు ఇచ్చి, కొత్త రబ్బరు పైపులు కొనుక్కుని వచ్చారు. ఇంజనులోంచి థర్మోస్టాట్ కూడా తీశాడు మేస్త్రి. ఇంజను కాగాకే రేడియేటరుకు నీళ్ళు వదిలే చిన్న తలుపు అది. వేడినీళ్ళలో వేస్తే తెరుచుకోవాలి. వంటింట్లోకి పట్టుకెళ్తే భార్య అడ్డం నిలబడింది.

"నా గిన్నెల్లో ఆ తుప్పుముక్క ఉడకబెడతారా?"

"సొట్టగిన్నె ఒకటివ్వు చాలు. మళ్ళీ అడిగితే ఒట్టు."

"ఈ గిన్నెలో ఇక వంట వండను, షెడ్డులోనే ఉంచేసుకోండి," అని గొణుగుతూ ఇచ్చింది. నీళ్ళు సలసలా మరిగినా ఆ తలుపు సగమే తెరుచుకుంది. అదీ మార్చాలని రాసుకున్నాడు.

శనివారం ఇంజను కడిగారు. హీటరు పైపులు రెండూ కలిపేసి, రేడియేటరులో నీళ్ళగొట్టం పెట్టి, ఇంజను నడుపుతూ తుప్పంతా బయటికి పోనిచ్చారు. కోడలు లోపల కూర్చుని ముల్లు చూస్తోంది. మేస్త్రి బానెట్ కింద వంగి నీళ్ళ రంగు చూస్తున్నాడు. ఎరుపు, నారింజ, చివరికి తేట. చలిగా ఉందని శాలువా కప్పుకున్నాడు. ఆయన చూపంతా నీళ్ళ మీదే.

"మామయ్యా! శాలువా!"

ఆయన తలెత్తేలోపే కోడలు దిగి పరిగెత్తుకొచ్చి శాలువాను లాగి నేలకేసి తొక్కింది. కొస ఇంజను పక్కనున్న పొగగొట్టం మీద పడి అరచేతి మేర నల్లగా మాడిపోయింది. ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. మాడిన ఉన్ని కంపు. ఆ కంపు వంటింటిదాకా పోయి, "ఏం తగలబెట్టారక్కడ?" అని భార్య కేక వినపడింది.

మేస్త్రి మాత్రం ఆ పొగకు మూరెడు దూరంలో నిలబడి, ఏమైందో తెలియనట్టు కోడలి కాళ్ళ కింది గుడ్డను చూస్తున్నాడు.

కోడలు ఆ శాలువా వంక చూసింది. ఆయన వంక చూసింది. మళ్ళీ శాలువా వంక చూసింది. ఆమె ముఖంలో ఒక్కొక్కటే సర్దుకుంటున్నాయి. బండిలో పక్కన కూర్చుని 'తగల్లేదమ్మా' అన్న రోజు, మూత తీయగానే అనే 'అదిరింది'. ఇప్పుడు అడుగుతుంది అనుకున్నాడాయన. అడిగితే ఏం చెప్పాలో వెతుక్కున్నాడు.

అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. "ఏమిటే ఆ కంపు?"

"నా చేతిగుడ్డ అత్తయ్యా. చూసుకోకుండా ఇంజను మీద పెట్టాను," అంది కోడలు, శాలువా మడతపెట్టి మాడిన కొస లోపలికి దోపుతూ.

"కాస్త కళ్ళు పెట్టుకుని పనిచెయ్యి తల్లీ," అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

కోడలు శాలువా ఆయన చేతికిచ్చింది. "నీళ్ళు తేటగా వస్తున్నాయా మామయ్యా?"

"వస్తున్నాయమ్మా," అన్నాడు.

ఆ రాత్రీ, మర్నాడు పగలంతా ఆయన మింగలేక కక్కలేక తిరిగాడు. అతుకు వేసిన కోరు, కొత్త థర్మోస్టాట్ తెచ్చారు, ఆమె లోపల బిగించింది. ఇంజను వైపు పైపులు, చెయ్యి అందే చోటు కాబట్టి, ఆయన బిగించాడు. ఇద్దరూ పని మాటలే మాట్లాడుకున్నారు. ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండునని ఆయనకు రెండుమూడు సార్లు అనిపించింది.

ఆదివారం సాయంత్రం అన్నాల దగ్గర కొడుకు అన్నాడు: "సొట్టబుగ్గలవాడు రేపు ఏడింటికల్లా వస్తానన్నాడు."

"బండి బాగైంది కదా. వాడెందుకు?" అన్నాడు మేస్త్రి.

"బాగైంది సరే. కొట్లవాళ్ళ దగ్గర పేరు పోయిందిగా. ఈవిడ కంగారు మనిషి అని అందరికీ తెలిసిపోయింది."

"ఎవరు చెప్పారు వాళ్ళకి?"

కొడుకు అన్నం కలపడంలో పడ్డాడు.

మేస్త్రి చెయ్యి కంచంలోంచి తీశాడు. "నాకు వాసన తెలీదురా."

"ఏంటి?"

"ముక్కు పనిచెయ్యదు. ఆ జ్వరం వచ్చిన ఏడు పోయింది, మళ్ళీ రాలేదు. అమ్మాయి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూడమన్న రోజు, ఆ బండిలో ఏం మాడినా నాకు తెలిసేది కాదు. తెలీదని చెప్పకుండా తగల్లేదని చెప్పాను. నా మాట పట్టుకునే కదా నువ్వు దాని మాట కొట్టేశావు! నెల కిందటే ఆ పిల్ల లీకు పట్టింది. నేను దాచాను." ఆగి, నీళ్ళు తాగాడు. "నాకంటే ముక్కు పోయింది. నీకు చెవులున్నాయి కదరా."

కొడుకు ముద్ద చేతిలోనే ఉంది. నోట్లోకి పోలేదు, కంచంలోకీ రాలేదు. కోడలు తల వంచుకుని మెతుకులు లెక్కపెడుతున్నట్టు కూర్చుంది.

ముందు మాట్లాడింది మేస్త్రి భార్య. "అయితే మూడేళ్ళుగా నా వంట అదిరింది, అదిరింది అన్నదంతా?"

ఆయన కంచం వంక చూశాడు.

"నాతో కూడా చెప్పకూడదనిపించిందా?" ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచి వంటింట్లోకి పోయి, గిన్నెలు అవసరం కంటే గట్టిగా సర్దింది. కాసేపటికి గుమ్మంలోకొచ్చి నిలబడింది. "నాలిక్కి ఉప్పన్నా తెలుస్తోందా?"

"తెలుస్తోంది."

"ఇవాళ?"

"తక్కువైంది."

ఆవిడ ఉప్పుడబ్బా తెచ్చి ఆయన కంచం పక్కన ఠక్కున పెట్టి పోయింది.

సోమవారం పొద్దున మంచు దట్టంగా ఉంది. ఏడింటికి ముందే సొట్టబుగ్గల డ్రైవరు చేతులు రుద్దుకుంటూ గేటు తోసుకుని వచ్చాడు. రావద్దని కొడుకు అతనికి ఫోను చేయలేదన్నమాట. రమ్మనీ అనలేక, పొమ్మనీ అనలేక, ఒక టీగ్లాసు చేతికిచ్చి నిలబెట్టాడు.

మేస్త్రి బండి ముందు చక్రాలను పలకల మీదికి ఎక్కించి, హీటరు మీట ఎర్రగీత మీద పెట్టించి, కూలెంటు కలిపిన నీళ్ళు సన్నటి ధారగా పోశాడు. పై పైపును పాలు పిండినట్టు పిండుతుంటే లోపల ఇరుక్కున్న గాలి గుడగుడమంటూ పైకి తేలింది. బుడగలు ఆగేదాకా పోసి మూత బిగించాడు. కోడలు చక్రం ముందు కూర్చుని తలుపులు మూసుకుంది. ముల్లు పైకి వెళ్ళి, నడిమికి వచ్చి, కదలకుండా నిలిచింది. హీటరు గాలి వేడిగా కొట్టింది. అద్దం తేటగా ఉంది. పది నిమిషాలైనా తేటగానే ఉంది.

"అయిపోయింది," అన్నాడు కొడుకు. "ట్రేలు ఎక్కిద్దామా?"

మేస్త్రి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "వాసన?" అని అడిగాడు.

ఆమె కళ్ళు మూసుకుని గాలి పీల్చింది. మళ్ళీ పీల్చింది. చెప్పాలా వద్దా అన్నట్టు భర్త వంక చూసి, "ఉంది మామయ్యా," అంది. "ఇదివరకంత కాదు. సన్నగా. కానీ ఉంది."

"చాప కింద ఇంకిపోయి ఉంటుందిలే," అన్నాడు కొడుకు. "నెలపాటు కారింది కదా."

"పాత వాసన రెండు రోజులుంటుంది బాబాయ్," అన్నాడు సొట్టబుగ్గలవాడు. "అద్దం చూడండి, అద్దంలా ఉంది. నాకివ్వండి, లాక్కుపోతాను."

మేస్త్రి బానెట్ ఎత్తి టార్చి వేసి చూశాడు. పైపులన్నీ పొడిగా ఉన్నాయి. కింద చుక్క లేదు. ఆయన కళ్ళు చెప్పేదీ, ముప్పై ఏళ్ళ అనుభవం చెప్పేదీ వాళ్ళిద్దరూ చెప్పినమాటే. నీళ్ళు ఆగినచోట ఆగాయి, ముల్లు నిలిచినచోట నిలిచింది.

"ఇంజను ఆపమ్మాయ్," అన్నాడు. "చల్లారనివ్వు. విప్పుదాం."

"నాన్నా, కొట్లు తెరిచే టైమైంది!"

"ఉందని చెప్పింది కదరా."

అరగంట కూర్చున్నారు. డ్రైవరు రెండో టీ తాగాడు. ఇంజను చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక మేస్త్రి హీటరు పైపు క్లిప్పు మీద వేలు పెట్టి, ఒక్కో మిల్లీమీటరూ తడుముతూ వచ్చాడు. గొట్టం చివర చిన్న ఉబ్బు ఉంటుంది. క్లిప్పు దాని వెనక కూర్చోవాలి. ఒకటి సరిగ్గా ఉబ్బు మీదే కూర్చుని ఉంది. దాని అడుగున ఆవగింజంత తడి. పడ్డ చుక్క పడ్డట్టే వేడి పొగగొట్టం మీద ఆవిరైపోయి, గాలితో కలిసి లోపలికి పోతోంది. ఇంజను వైపు పైపు. ఆయన స్వయంగా బిగించినది.

ఆయన వేలు పైకెత్తి కొడుక్కు చూపించాడు. కొడుకు ఆ వేలిని చూసి, బండిలో కూర్చున్న భార్యను చూసి, కొట్టుకు ఫోను కలిపి షెడ్డు చివరికి నడిచాడు.

"ఆఁ, ఆలస్యమవుతుంది... లేదు లేదు, డ్రైవరు తప్పేం కాదు. బండిలో చిన్న లీకు ఉంది. మా ఆవిడ పట్టింది. అది చూసుకుని బయల్దేరుతుంది... ఆఁ, ఆవిడే వస్తుంది."

తరవాత సొట్టబుగ్గలవాడి దగ్గరికి వెళ్ళి మెల్లగా ఏదో చెప్పాడు. అతను గ్లాసు అరుగు మీద పెట్టి, "ఆ మాట రాత్రే చెబితే ఇంకో గంట పడుకునేవాణ్ణిగా అన్నా," అని నవ్వుకుంటూ పోయాడు.

మేస్త్రి క్లిప్పు వదులు చేసి ఉబ్బు వెనక్కి జరిపాడు. ఈసారి తనే బిగించలేదు. స్క్రూడ్రైవరు కోడలి చేతికిచ్చాడు. ఆమె బిగించింది. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ ఇంజను, మళ్ళీ తలుపులు మూసుకుని పదిహేను నిమిషాలు. తండ్రీకొడుకులిద్దరూ మంచులో నిలబడి చూస్తున్నారు. అత్తగారు కూడా వచ్చి నిలబడింది.

కోడలు అద్దం దించింది.

"పోయింది," అంది.

ఇంకోసారి చూడమని ఎవరూ అనలేదు. కొడుకు అప్పటికే ట్రేలు ఎత్తుకుని వస్తున్నాడు.

"ముందు వరస ఆ గోడకి ఆనించకు," అందామె, కిటికీలోంచి తల బయటికి పెట్టి. "మధ్యలో గోనెపట్టా మడతేసి పెట్టు. తాడు అడ్డంగా కాదు, ఏటవాలుగా కట్టాలి."

కొడుకు గోనెపట్టా కోసం వెళ్ళాడు. మేస్త్రి బండిని పలకల మీంచి దింపించి, చేతులు పాత గుడ్డకు తుడుచుకుని, అవతలి వైపు తలుపు తీశాడు.

"నేనూ వస్తానమ్మాయ్, ఈ ఒక్కరోజుకి. ముల్లు చూస్తూ కూర్చుంటాను."

"రండి మామయ్యా," అని ఆమె సీటు మీది స్క్రూల ట్రే తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. అందులో ఒక్క స్క్రూ కూడా మిగల్లేదు.